ప్రక్క పూస యేల విఱిగినది?



నేఁడు నేను ముచ్చటింపఁబోవునది వైద్యవిషయము. నేను వైద్యుఁడను గాను; బడిలోఁ బాఠములు చెప్పి విశ్రాంతి దీసికొన్నవాఁడను. అయినను మా యింటఁ బుట్టిన యొక సందేహము నన్నీ విషయమునకు లాగినది. ఆ సందేహము మీలోఁ బలువుర యిండ్లలోఁ గూడ నేఁడో రేపో పుట్టఁదగినదే గాన, దానిని మీ యెదుట నుంచుచున్నాను.

మూఁడేండ్ల క్రిందట మా యక్కగారు, అప్పటికి 71 యేండ్లది, ఒక యుదయమున నీళ్ల బిందె నెత్తఁబోయి, వెన్నులోఁ గలుక్కుమనఁగా నచ్చటనే కూలఁబడినది. నడుము పట్టినదనుకొని నూనె రాచితిమి, కాపడము పెట్టితిమి. పది దినములు గడచినను మంచము మీఁద నటునిటు ఒత్తిగిలుటయే దుర్భరమయ్యెను. ఎక్సురే తీయించి చూడఁగా, ఱొమ్ము భాగపు పూసలలోఁ గడపటిదగు పండ్రెండవ పూస ముందువైపున నణఁగి, బల్లపఱపుగా నుండవలసినది యేటవాలుగా మాఱియుండెను. ఆసుపత్రిలో సూదిమార్గమున నా పూసలోనికి సిమెంటు నెక్కించిరి. మఱునాఁడే యామె లేచి నడచినది. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. ఏడు వారములు గడచునంతలో మరల నదే బాధ. ఈ మాఱు అణఁగినది సరిగా దాని క్రింది పూస.

అంతట నింటిలో రెండు పక్షములేర్పడెను. మా మేనల్లుఁడు, “మామయ్యా, ఆ సిమెంటే దీనిని విఱిచినది. పెట్టింపకుండినచో నీ యవస్థ వచ్చియుండదు” అని వాదించెను. వాని భార్య, “వయస్సు మీఱినది, ఎముక విఱుగక యేమి చేయును? సిమెంటు నననేల?” అని యనెను. మా యక్కగారు మంచము మీఁదనుండియే, “తమ్ముఁడా, ఇంతకాలము పిల్లలకుఁ దర్కము చెప్పితివి గదా, నా వెన్నుకుఁ గూడఁ గాస్త న్యాయము చెప్పుము” అని నవ్వుచు నడిగినది. నవ్వుచు నడిగినదే కాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తెలిసిన వైద్యుల నడిగి, వారు చూపిన పరిశోధనలను జదివించుకొని, నేను దెలిసికొన్నది మనవి చేయుదును.

మొదట వెన్నుపూసల స్వరూపము. మెడలో 7, ఱొమ్ము భాగమున 12, నడుమున 5, మొత్తము 24 పూసలు కదలాడునట్టివి యొకదానిపై నొకటి పేర్చఁబడి యున్నవి. నడుమ నడుమ డిస్కులను మెత్తని బిళ్లలున్నవి. పూస యనఁగా ఱాయివలె నిండైన ముద్ద గాదు. పైన పలుచని గట్టి పొర. లోపల తేనెపట్టువలె సన్నని పలకలును, చిన్న చిన్న యఱలును. ఈ యెముక నిత్యము క్రొత్తది యగుచుండును. ఒక జాతి కణములు ప్రాఁత యెముకను దొలుచుచుండఁగా మఱియొక జాతి కణములు క్రొత్త దానిని గట్టుచుండును. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట తొలుచుట హెచ్చి, కట్టుట దానికి సరిపోక, లోపలి పలకలు సన్నగిల్లి తెగిపోవును. దీర్ఘకాలము స్టిరాయిడు మాత్రలు వాడువారికిని నీ ముప్పు గలదు. దీనినే మనము ఎముకలు గుల్లవాఱుట యందుము. వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు. వాగ్భటాచార్యుఁడు అష్టాంగహృదయమున మజ్జాక్షయ లక్షణములు చెప్పుచు, ఎముకలలోని సౌషిర్యమును, అనఁగా బోలుతనమును, పేర్కొన్నాఁడు. ఆయన చెప్పినదియు నేఁటి వ్యాధియు నొక్కటే యని నేను సాధింపఁబోను. మాట మాత్రము చక్కఁగా నతికినది.

ఇట్లు గుల్లవాఱిన పూస విఱుగుటకు మెట్ల మీఁదనుండి పడనక్కఱ లేదు. బిందె నెత్తుట, వంగి బట్టలు తీయుట, గట్టిగా దగ్గుట చాలును. ఇట్టి విఱుపులలో సగమునకు మించినవి విఱిగినట్లే తెలియక, ‘నడుము నొప్పి’ యను పేరుతోఁ గడచిపోవును. ముసలితనమున మనిషి పొట్టియగుట, గూని వచ్చుట అనునవి తఱచుగా నీ యెఱుఁగని విఱుపుల గుఱుతులే.

ఇఁక సిమెంటు కథ. 1984లో ఫ్రాన్సు దేశమునందలి అమియెన్ నగరమున గాలిబేర్, దెరామాన్ అను వైద్యులు మొదటిసారి యీ పని చేసిరి. ఆ రోగికి మెడలోని రెండవ పూసను రక్తనాళముల గడ్డ యొకటి తినివేయుచుండెను. వారా పూసను సిమెంటుతో నింపిరి. 1987లో దానిని బ్రకటించిరి. తరువాత నీ పద్ధతి గుల్లవాఱి విఱిగిన పూసలకును వ్యాపించినది. దీనికి వెర్టిబ్రోప్లాస్టీ యని పేరు. పూసలో మొదట చిన్న బుడగ నుబ్బించి, చోటు చేసి, పిమ్మట సిమెంటు నింపు పద్ధతికిఁ గైఫోప్లాస్టీ యని పేరు. ఈ సిమెంటు మనము గోడలకు వాడునది కాదు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అను ప్లాస్టికు జాతి పదార్థము. కృత్రిమమైన తుంటికీళ్లను ఎముకలో నిలుపుటకు వాడెడిదే. పొడిని ద్రవముతోఁ గలుపఁగా ముద్దయై, కొలఁది నిమిషములలో వేఁడి పుట్టించుచు గట్టిపడును. ఎక్సురే తెరపైఁ జూచుచు, వీఁపునుండి లావుపాటి సూదిని బూసలోనికిఁ బోనిచ్చి, ఆ ముద్ద నెక్కింతురు.

ఇప్పుడు మా మేనల్లుని పక్షమును విందము. అది తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు. 2003లో నమెరికా వైద్యులు 177 మంది రోగుల చరిత్రలఁ బరిశీలించిరి. సిమెంటు పెట్టిన పిమ్మట వారిలో 22 మందికిఁ గ్రొత్తగా 36 పూసలు విఱిగెను. వానిలో 24 పూసలు సిమెంటు పెట్టిన పూసకు బ్రక్కవే. ఆ 36 విఱుపులలో 24 విఱుపులు 30 దినముల లోపల వచ్చినవే. 2006లో మేయో క్లినిక్ వైద్యులు 432 మంది చరిత్రలు చూడఁగా, 86 మందికిఁ గ్రొత్త విఱుపులు గానవచ్చెను. ప్రక్క పూసకుఁ గల యపాయము దూరపు పూసకంటె నాలుగున్నర రెట్లు హెచ్చుగా నుండెను. ప్రక్క పూసలు త్వరగాను విఱిగెను.

దీనికి హేతువులును జెప్పఁబడినవి. గుల్లయెముకకంటె సిమెంటు చాల బిఱుసైనది. మెత్తని పఱుపుల దొంతర నడుమ నొక చెక్కపలక నుంచినచో దానిపై నున్న, దాని క్రింద నున్న పఱుపులకే నొక్కు డెక్కువగును గదా! అట్లే బరువంతయు ప్రక్క పూసల పైకి మఱలునని యొక యూహ. సిమెంటు పూసనుండి డిస్కులోనికిఁ గాఱుట రెండవ హేతువు. 2004లోఁ బ్రకటింపఁబడిన యొక చిన్న పరిశీలనలో, సిమెంటు కాఱిన డిస్కుకు బ్రక్కనున్న పూసలలో నూటికి 58 విఱిగెను. కాఱని చోట నూటికి 12 మాత్రమే విఱిగెను.

ఇంతవఱకు వినినవారు “తీర్పు వచ్చినది, సిమెంటే దోషి” యనుకొనవచ్చును. నేనును మొదట నట్లే యనుకొంటిని. కాని కాకతాళీయమను న్యాయము నెఱుఁగని వారుండరు. కాకి తాటిచెట్టుపై వ్రాలినది, తాటిపండు రాలినది. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదని చెప్పుటకు, ‘వ్రాలిన తరువాత రాలినది’ అను నొక్క సాక్ష్యము చాలదు. కాకి వ్రాలని చెట్టునఁ బండ్లు రాలుచున్నవా యని చూడవలెను. తార్కికులు అన్వయముతోఁ బాటు వ్యతిరేకమును గోరుటకు గారణ మిదియే. పైన జెప్పిన పరిశీలనలలో సిమెంటు పెట్టించుకొన్నవారే కలరు, పెట్టించుకొననివారు లేరు. ఇది వాని లోపము.

మఱి సిమెంటు పెట్టించుకొననివారి గతి యెట్లున్నది? 2001లోఁ బ్రకటింపఁబడిన యొక పరిశోధన దీనికిఁ గొంత సమాధానము చెప్పినది. ముట్లుడిగిన స్త్రీలలో నొక పూస క్రొత్తగా విఱిగిన వారిని జూడఁగా, తరువాతి యొక్క యేఁటిలోనే యైదుగురిలో నొకరికి మఱియొక పూస విఱిగెను. వారికి సిమెంటు సూది తగిలినది లేదు. అనఁగా మొదటి విఱుపే రెండవ విఱుపునకు ముందస్తు జాబు. పైఁగా నడుము మొదలుపెట్టు చోటనున్న పూసలపై, అనఁగా ఱొమ్ము పండ్రెండవ పూస, నడుము మొదటి పూసలపై, సహజముగానే బరువు హెచ్చు. అచ్చట నొకటి విఱిగినచో, దాని ప్రక్కదియు నట్టి భారముననే యున్నది. సిమెంటు లేకున్నను నది విఱుగుట కవకాశము గలదు.

ఇంతకంటె మేలైన సాక్ష్యము 2010లో హాలండు, బెల్జియము దేశముల నుండి వచ్చెను. వెర్టోస్ రెండు అను నా పరీక్షలో 202 మంది రోగులను, చీట్లు వేసినట్లుగా, రెండు తెగలు చేసిరి. ఒక తెగకు సిమెంటు; రెండవ తెగకు మందులు మాత్రమే. ఎక్సురేలు తీసి, సగటున 11 నెలలకుఁ బైగాఁ గనిపెట్టి చూడఁగా, సిమెంటు తెగలోని 91 మందిలో 15 మందికిఁ గ్రొత్తగా 18 పూసలు విఱిగెను. మందుల తెగలోని 85 మందిలో 21 మందికి 30 పూసలు విఱిగెను. సిమెంటు తెగలో లెక్క తక్కువగాఁ గానవచ్చినను, ఆ భేదము గణితరీత్యా నిలువఁదగినది కాదని పరిశోధకులే చెప్పిరి. కాని హెచ్చుగా విఱిగెననుటకు మాత్రము తావు లేదు. క్రొత్త విఱుపును ముందుగాఁ దెలుపగల గుఱుతు వారికి దొరకినది యొక్కటే: చికిత్సకు ముందే యెన్ని పూసలు విఱిగియున్నవి యనుట. 2018లో కొక్రేన్ సంస్థవారు పరీక్షలన్నిటిని గ్రోడీకరించి, సిమెంటువలన గ్రొత్త విఱుపులు హెచ్చునని గాని తగ్గునని గాని నిశ్చయింపఁజాలమని తేల్చిరి.

కాన మా యింటి వ్యాజ్యమునకు నేనిచ్చిన తీర్పిది. సిమెంటే విఱిచినదని మేనల్లుఁడు నిరూపింపలేఁడు. సిమెంటు డిస్కులోనికిఁ గాఱియున్నచో నపాయము హెచ్చియుండవచ్చును. ఒక్క మనిషి విషయమున దానిని దేల్చుట యెవరి తరమును గాదు. ‘వయస్సు’ అని కోడలు చెప్పినదియు సమాధానము గాదు. వయస్సు వ్యాధి కాదు, గుల్లవాఱుట వ్యాధి. దానికి మందున్నది. ఈ కడపటి మాటను వారిద్దఱును మఱచిరి. అంతకంటె విచారకరముగా, ఆసుపత్రిలో నెవ్వరును జెప్పలేదు. ఇంటికిఁ బంపునప్పు డిచ్చిన కాగితమును నేను మరల మరలఁ జదివితిని. అందు నొప్పిమాత్రలున్నవి, కుట్టు మాట యున్నది, ఎముకను బలపఱచు మందొక్కటియు లేదు. 24 పూసలలో నొకదానికి మరమ్మతు జరిగినది. తక్కిన 23 పూసలను బలుకరించినవారు లేరు.

సిమెంటు నొప్పినైనఁ దగ్గించునా యని మీరడుగవచ్చును. ఇందును బండితులు భిన్నాభిప్రాయులు. 2009లో రెండు పరీక్షలు ప్రకటింపఁబడెను. ఒకటి ఆస్ట్రేలియాలో 78 మందితో, మఱియొకటి యమెరికా మొదలగు దేశములలో 131 మందితో. సగము మందికి నిజముగా సిమెంటు పెట్టిరి; తక్కినవారికి సూదిపోటు, మత్తుమందు, సిమెంటు వాసన, అన్నియుఁ గలుగఁజేసి, సిమెంటు మాత్రము పెట్టలేదు. ఇరుతెగలకు నించుమించుగా సమానముగానే నొప్పి తగ్గెను. 2016లో నాస్ట్రేలియాలోనే 120 మందితో జరిగిన వేఱొక పరీక్షలో, విఱిగి 6 వారములు దాటనివారికిఁ, దీవ్రమైన నొప్పి గలవారికి, సిమెంటు మేలు చేసినట్లు కానవచ్చెను. 2018లో హాలండులో 180 మందితో జరిగిన పరీక్షలో మరల భేదము గానరాలేదు. అమెరికా ఎముక పరిశోధకుల సంఘము నియమించిన మండలి 2019లో, దీనిని మామూలు చికిత్సగా నందఱికిని వాడరాదని సలహా యిచ్చినది. పెక్కు మందికి విఱిగిన పూస నొప్పి రెండు మూఁడు నెలలలోఁ దనంతటఁ దగ్గును. మందులకు లొంగని తీవ్రబాధతో మంచము పట్టినవారికి, ఎమ్.ఆర్.ఐ. చిత్రమున విఱుపు క్రొత్తదని తెలిసినచో, వైద్యుఁడు సిమెంటును దలఁచుట తప్పనఁజాలము. కాని అది నొప్పికిఁ జేయు నుపాయము. వ్యాధికిఁ జేయు చికిత్స గాదు.

వ్యాధికిఁ జేయు చికిత్సకు సాక్ష్యము గట్టిది. అప్పటికే పూస విఱిగిన స్త్రీలకు అలెండ్రొనేట్ మాత్ర లిచ్చి చూడఁగా, క్రొత్త పూసలు విఱుగుట సుమారు సగమునకుఁ దగ్గెనని 1996లోఁ దెలిసినది. ఏఁటికొకసారి నరమున నెక్కించు జోలెడ్రోనిక్ ఆమ్లము మూఁడేండ్లలో నూటికి 70 వంతులు తగ్గించెనని 2007లోఁ దేలినది. ఎముకను గట్టు కణములను బురికొల్పు టెరిపెరటైడ్ అను దినదినపు సూదిమందు నూటికి 65 వంతులు తగ్గించెనని 2001లోఁ బ్రకటించిరి. ఆఱు మాసములకొకసారి యిచ్చు డెనోసుమాబ్ అను సూదిమందున్నది. దానిని నడుమ మానివేసి, మఱియొక మందు పట్టకున్నచో, ఒకేసారి పెక్కు పూసలు విఱుగు ప్రమాదము గలదు. కాన నది మొదలుపెట్టినవారు వైద్యునడుగక మానరాదు. వీనిలో నెవరికేది తగునో వైద్యుఁడు నిర్ణయింపవలెను. మూత్రపిండముల స్థితి, దంతముల స్థితి, రక్తమున కాల్షియము, డి విటమిను ముందుగాఁ జూచుకొనవలెను. అలెండ్రొనేట్ మాత్రను బరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మ్రింగి, అరగంటసేపు పండుకొనక నిటారుగా నుండవలెను. లేనిచో నన్నవాహిక పుండగును. గుల్లవాఱుటకు వేఱు కారణము, ముఖ్యముగా మజ్జలోఁ బుట్టు కాన్సరు వంటిది, దాఁగియున్నదేమో కూడ వైద్యుఁడు పరీక్షింపవలెను.

ఇంటిలో మనము చేయవలసిన పనులును గలవు. పాలు, పెరుగు, చోడి లేక రాగి సంకటి, నువ్వులు కాల్షియము నిచ్చునవి. పప్పు, గ్రుడ్డు మొదలగు మాంసకృత్తులు తగ్గరాదు. స్నానపు గదిలోఁ దడి నేలయు, పాచియు నుండనీయరాదు. గోడకుఁ బట్టుకొను కడ్డీ యొకటి పెట్టింపుఁడు. రాత్రి లేచుచోట దీపముండవలెను. బరువును నడుము వంచి యెత్తరాదు. బిందెను ఇతరు లెత్తుదురు గాక. నొప్పి తగ్గినంతనే మెల్లగా నడచుట మేలు. నెలల తరబడి మంచమున నుండుట యెముకను మఱింత గుల్ల చేయును.

సిమెంటు పెట్టించుకొన్నవారికిఁ బ్రత్యేకముగా నొక హెచ్చరిక. తగ్గిన నొప్పి కొలఁది వారములలో మరల రాఁగా, ‘సిమెంటు కుదురుకొనుచున్నది’ అని యూరకుండకుఁడు. ప్రక్క పూసను జూపించుకొనుఁడు. కాళ్లు బలహీనమైనను, తిమ్మిరెక్కినను, మలమూత్రములు స్వాధీనము దప్పినను, ఆ దినముననే యాసుపత్రికిఁ బోవలెను.

మా యక్కగారి విషయము చెప్పి ముగింతును. రెండవ పూస విఱిగినప్పుడు వేఱొక వైద్యునిఁ జూచితిమి. ఆయన యీ మాఱు సిమెంటు పెట్టలేదు. నొప్పికి మందిచ్చి, డెక్సా యను పరీక్షతో నెముక సాంద్రతను గొలిపించి, డి విటమిను లోపమును సరిచేసి, ఏఁటికొకసారి యిచ్చు మందు నెక్కించెను. పది వారములకామె పెరటిలోనికి నడచి వచ్చినది. అప్పటినుండి మఱియొక పూస విఱుగలేదు. ఈ మందే కాపాడినదని యూరంతయుఁ జెప్పవలెనని నా మనసు తొందరపడును. కాని సిమెంటు విషయమున మేనల్లునికిఁ జెప్పిన న్యాయము నాకును వర్తింపవలెను గదా! ఒక్క మనిషి కథ యిరువైపులను బ్రమాణము గాదు. వేలమందిపై జరిగిన పరీక్షలు చెప్పినవి గాన మందు నమ్ముచున్నాను. మా యక్కగారు నడచుచున్నది గాన సంతోషించుచున్నాను. ఈ రెంటిని గలుపను.

మీ యింటఁ బెద్దవారికి సిమెంటు పెట్టుదుమని వైద్యుఁడు చెప్పినప్పుడు మూఁడు ప్రశ్నలడుగుఁడు. ఈ విఱుపు క్రొత్తదా, ప్రాఁతదా? సిమెంటు లేకుండఁ గొన్ని వారములు వేచి చూడఁదగునా? తక్కిన పూసలకు మీరేమి మందిచ్చెదరు? మొదటి రెంటికి నే సమాధానము వచ్చినను, మూఁడవ దానికి సమాధానము చేతికందువఱకు మాత్రము ఆసుపత్రి గడప దాఁటకుఁడు.